తండ్రి చదివిన బడి

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలలో భాషను గూర్చియో, కళలను గూర్చియో, మన ప్రాచీన వైభవమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. నేడు నేనెన్నుకొన్న విషయము వానికంటె చిన్నది. అది మూడు నాలుగేండ్ల పసిబిడ్డలకు సంబంధించినది. పాఠశాలలో ఒక శిశువును చేర్చుకొనునపుడు, ఆ శిశువు తండ్రియో తల్లియో పూర్వము అదే పాఠశాలలో చదివియుండుటను ఒక అర్హతగా లెక్కింపవచ్చునా? ఇదియే ప్రశ్న.

విషయము చిన్నదే కాని, చలికాలము ప్రవేశించినదనిన ఈ ఢిల్లీ నగరమున ఏ ప్రభుత్వ నివాసముల వరుసలో చూచినను ఇదే ప్రసక్తి. దరఖాస్తులు, చిరునామా రుజువులు, ఇంటికిని బడికిని గల దూరపు లెక్కలు, మార్కుల కూడికలు - వీనితో తలిదండ్రులకు నిద్ర పట్టదు. ఈ సభలో ఈ విషయమున రెండు తెగలవారు కలరు. రెండు మూడు తరములుగా ఢిల్లీలో స్థిరపడి, తాము చదివిన బడిలోనే తమ పిల్లలను చేర్పదలచినవారు ఒక తెగ. నిన్నమొన్న హైదరాబాదు నుండియో, విశాఖపట్టణము నుండియో, గౌహతి నుండియో బదిలీపై వచ్చి, ఏ బడి ఏ వీథిలో నున్నదో ఇంకను తెలియనివారు రెండవ తెగ. కావున నేను చెప్పబోవు మాట మీలో కొందరికి రుచింపకపోవచ్చును. మిత్రుల నడుమ చర్చ గనుక మన్నింతురని నమ్ముచున్నాను.

నేను రెండవ తెగకు చెందినవాడను. బదిలీపై ఈ నగరమునకు వచ్చిన తొలి సంవత్సరమున మా అమ్మాయి కొరకు ఒక పాఠశాల దరఖాస్తును నింపుచుంటిని. అందు ఒక గడి కలదు: తలిదండ్రులలో ఎవరైన ఈ పాఠశాల పూర్వ విద్యార్థులా? నేను చదివినది మా యూరి జిల్లా పరిషత్తు పాఠశాల. సగము తరగతులు చింతచెట్టు నీడనే జరిగెడివి. ఆ గడిలో “కాదు” అని వ్రాసితిని. ప్రక్కన కూర్చుండి చూచుచున్న మా అమ్మాయి, “నాన్నా, ఏం రాశావు?” అని అడిగినది. “కాదని రాశానమ్మా” అంటిని. “నేను కాదా?” అని మరల అడిగినది. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆ బడిలో మా అమ్మాయికి స్థానము దొరకలేదు. వేరొక బడిలో చేరి చక్కగా చదువుకొనుచున్నది గనుక దానిని గూర్చి నాకు ఫిర్యాదు లేదు. కాని ఆ పసిదాని ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు. ఆ గడి అడిగినది ఎవరిని గూర్చి? చేరబోవు బిడ్డను గూర్చియా, తండ్రిని గూర్చియా?

ముందుగా కొంత పూర్వ వృత్తాంతమును మనవి చేసెదను. ఒకప్పుడు ఢిల్లీలోని పెక్కు ప్రైవేటు పాఠశాలలు పసిపిల్లలను, వారి తలిదండ్రులను ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నలడిగి చేర్చుకొనుచుండెడివి. బిడ్డకు రంగుల పేర్లు తెలియునా, తండ్రికి ఆంగ్లము వచ్చునా, తల్లి ఎంతవరకు చదివినది - ఇట్టి పరీక్షలకు లోనైన కుటుంబములు అవమానమును మ్రింగుకొని ఊరకుండెడివి. వ్యవహారము ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమునకు చేరగా, నాటి కేంద్ర మాధ్యమిక విద్యామండలి అధ్యక్షులు అశోక్ గంగూలీ గారి నాయకత్వమున ఒక సంఘము ఏర్పడెను. దాని సూచనలను పురస్కరించుకొని 2007 నుండి ముఖాముఖి పరీక్షకు బదులు మార్కుల పద్ధతి వచ్చెను. ఇంటి దూరము, అదే బడిలో చదువుచున్న తోబుట్టువు, పూర్వ విద్యార్థి సంబంధము మున్నగునవి ఆ పద్ధతిలో చోటు చేసికొన్నవి.

2009లో పార్లమెంటు బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టమును చేసెను. అది 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. ఒక బిడ్డను వేరొక బిడ్డకంటె మిన్నగా ఎంచి చేర్చుకొను పరీక్షలను ఆ చట్టము నిషేధించినది. చీటీలు తీయుట వంటి యాదృచ్ఛిక పద్ధతి యొక్కటే దానికి మినహాయింపు. ప్రైవేటు పాఠశాలలు నూటికి 25 స్థానములను బలహీన వర్గముల పిల్లలకును, అననుకూల స్థితిలోనున్న పిల్లలకును ఈయవలెనని కూడ అది విధించినది. అయితే ఆరేండ్లు నిండని శిశువుల చేరికకు, అనగా నర్సరీ తరగతులలో మిగిలిన 75 వంతుల స్థానములకు, ఆ నిషేధము వర్తింపదని 2013 ఫిబ్రవరిలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ విధముగా ద్వారము మరల తెరువబడినది.

అదే సంవత్సరము డిసెంబరు 18వ తేదీన ఢిల్లీ ఉపరాజ్యపాలుడు ఒక ఉత్తరువు గావించెను. దాని ప్రకారము మొత్తము 100 మార్కులు. ఇరుగుపొరుగున నివసించువారికి 70, తోబుట్టువు ఆ బడిలో నున్నచో 20, తల్లియో తండ్రియో పూర్వ విద్యార్థి యైనచో 5, వేరొక రాష్ట్రము నుండి బదిలీపై వచ్చినవారికి 5. సమానమైన మార్కులు వచ్చినవారి నడుమ చీటీలు.

సోదరులారా, ఈ పట్టికలోని కడపటి రెండు పంక్తులను ఒక్కసారి సరిపోల్చి చూడుడు. రెంటికిని ఐదేసి మార్కులే. ఒకటి కదలనక్కర లేకపోయినవారికి బహుమానము, రెండవది కదలక తప్పనివారికి ఊరట. బదిలీ మార్కులను కొందరు దుర్వినియోగము చేయుచున్నారని ఫిర్యాదులు వచ్చెను. వానిని 2014 ఫిబ్రవరిలో తొలగించిరి. పూర్వ విద్యార్థుల మార్కులు మాత్రము నిలిచెను. ఆ నవంబరులో ఉన్నత న్యాయస్థానము, ప్రైవేటు పాఠశాలల స్వేచ్ఛను కారణముగా చూపి, ఉపరాజ్యపాలుని ఉత్తరువునే కొట్టివేసినది. 2016 జనవరిలో ఢిల్లీ ప్రభుత్వము, పాఠశాలలు తమంతట తాము కల్పించుకొన్న ప్రమాణములలో 62ను రద్దు చేయగా, మరుసటి నెలలో న్యాయస్థానము ఆ రద్దును కొంత మేరకు నిలిపివేసెను. ఇన్ని ఎగుడుదిగుడుల నడుమను పూర్వ విద్యార్థి ప్రమాణము చెక్కుచెదరక పెక్కు పాఠశాలల పట్టికలలో నిలిచియే యున్నది.

“ఐదు మార్కులే గదా, దానికింత చర్చ యేల?” అని మీరనవచ్చును. నేనును మొదట నట్లే తలచితిని. కాని లెక్క వేసి చూచినచో సంగతి వేరుగా కనబడును. ఒక పాఠశాలలో 100 స్థానము లున్నవని ఊహింతము. చట్టము ననుసరించి 25 పోగా 75 మిగులును. ఆ పరిసరములలోని పిల్లలలో తోబుట్టువులు గలవారు 30 మంది చేరుదురనుకొందము. మిగిలినవి 45. పూర్వ విద్యార్థుల పిల్లలు 20 మంది, తక్కినవారు 500 మంది అనుకొందము. పూర్వ విద్యార్థి మార్కులు లేకున్నచో 520 మందిలో 45 మందికి చీటీలలో స్థానము లభించును. అనగా ప్రతి బిడ్డకును నూటికి 8 లేక 9 వంతుల అవకాశము. ఆ 5 మార్కులు చేర్చగనే ఏమగును? 75 మార్కులు గల 20 మందియు చీటీల ప్రసక్తి లేకుండ లోపలికి పోదురు. మిగిలిన 25 స్థానములకు 500 మంది. వారి అవకాశము నూటికి 5కు దిగజారును. అనగా నూటికి ఐదు మార్కులుగా కనబడునది, కొందరికి నూటికి నూరు వంతుల హామీ, తక్కినవారికి దాదాపు సగము నష్టము. మార్కులు చిన్నవే. కాని వరుసలో ఎవరు ముందు నిలుతురన్నదియే సర్వమును నిర్ణయించును.

ఇక ఈ పద్ధతిని సమర్థించువారి వాదములను న్యాయముగా విందము. అవి తేలికగా త్రోసిపుచ్చదగినవి కావు. పాఠశాల అనగా ఇటుకల కట్టడము కాదు, తరతరముల అనుబంధము అని వారందురు. పూర్వ విద్యార్థులు ఆ బడి సంప్రదాయము నెరిగినవారు, దాని గ్రంథాలయమునకు పుస్తకము లిచ్చినవారు, కష్టకాలమున చందాలు వేసికొనినవారు. తాను కూర్చున్న బల్లపై తన బిడ్డ కూర్చుండవలెనను కోరిక తండ్రికి సహజము. అందు దోషమేమున్నది? ప్రైవేటు సంస్థ తన కుటుంబమును తానెన్నుకొను హక్కును కలిగి యుండరాదా?

కోరిక సహజమే. మా యూరి చింతచెట్టు క్రింద మా అమ్మాయిని ఒకనాడైనను కూర్చుండబెట్టవలెనని నాకును కలదు. కాని కోరిక వేరు, హక్కు వేరు. మన తెలుగునాట ఈ రెంటిని గూర్చి ఒక పెద్ద పాఠము జరిగియే యున్నది. కరణీకములు, మునసబీలు ఎట్లుండెడివో మీలో పెద్దలు ఎరుగుదురు. తండ్రి కరణమైనచో కొడుకు కరణము. పొలము లెక్కలు తెలిసినవాడు ఊరిలో వేరొకడున్నను, అతని తండ్రి కరణము కానందున అతనికి ఆ చాప దొరకదు. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము దీనికి ఆధారము. గుంటూరు జిల్లాలోని ఒక గ్రామ మునసబు పదవిని గూర్చి తగవు బయలుదేరి సుప్రీము కోర్టు దాక పోయెను. 1960 డిసెంబరులో ఆ న్యాయస్థానము, ప్రభుత్వోద్యోగములలో వంశమును బట్టి భేదము చూపరాదను రాజ్యాంగపు 16వ అధికరణమునకు అట్టి వారసత్వ నియమము విరుద్ధమని తీర్పు చెప్పినది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ గ్రామోద్యోగములనే రద్దు చేసెను.

కరణములలో సమర్థులు లేకపోలేదు. ఊరి గట్టు గట్టును ఎరిగినవారు, రైతు కష్టమును చూచి జాలిపడినవారు నుండిరి. వారి పక్షమున చెప్పబడిన మాటలు నేడు పూర్వ విద్యార్థుల పక్షమున చెప్పబడు మాటలే: సంప్రదాయము, అనుభవము, అనుబంధము. ఐనను తండ్రి నేర్పు కొడుకునకు అర్హత కానేరదని మనము నిర్ణయించుకొంటిమి. పెద్దవారి కొలువు విషయమున అంగీకరించిన న్యాయమును, నాలుగేండ్ల బిడ్డ బల్ల విషయమున ఏల మరచుచున్నాము? ప్రైవేటు పాఠశాలకు 16వ అధికరణము వర్తింపదన్నమాట నిజమే. నేను చట్టమును గాక, ఆ చట్టము వెనుకనున్న ధర్మమును గూర్చి మాటాడుచున్నాను. తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడను సామెతకు మనము నవ్వుదుము. ఆ మూతి వాసనకే ఐదు మార్కులు వేయుచున్నాము.

విదేశములలోను ఇట్టి కథ యున్నది. అమెరికాలోని లూసియానా రాష్ట్రము 1898లో వోటర్లకు చదువు, ఆస్తి పరీక్షలు పెట్టి, 1867 జనవరి 1 నాటికి తండ్రికో తాతకో వోటు హక్కున్నచో ఆ పరీక్షలు అక్కర లేదన్నది. అందు నల్లజాతి అను మాట యెక్కడను లేదు. కాని ఆ నాటికి నల్లవారి తాతలకు ఆ హక్కే లేదు. ఓక్లహోమా రాష్ట్రపు అట్టి నిబంధనను 1915లో ఆ దేశపు సుప్రీము కోర్టు కొట్టివేసెను. పూర్వ విద్యార్థి నిబంధన అంతటి దురుద్దేశముతో పుట్టినదని నేననను. కాని పనిచేయు తీరు ఒక్కటే. నిన్నటి ద్వారము ఎవరికి మూయబడెనో, నేటి ద్వారము వారి పిల్లలకు సగము మూయబడును. నలుబదియేండ్ల క్రిందట ఢిల్లీలోని మంచి పాఠశాలలలో చేరగలిగినవా రెవరు? నగరమున ఇల్లు, ఆంగ్లపు పరిచయము, జీతము కట్టు స్తోమత గలవారు. పల్లెలనుండి వచ్చినవారు, తమ యింట మొట్టమొదట చదువుకొన్నవారు, అణగారిన కులములవారు అందు ఎందరు? ఆనాటి అన్యాయమును ఈ నిబంధన సృష్టింపలేదు. దానిని భద్రముగా దాచి తరువాతి తరమునకు అందించుచున్నది.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. ఇంటి దూరమునకు మార్కులున్నవి, తోబుట్టువులకు మార్కులున్నవి. అవియు బిడ్డ సంపాదించినవి కావు గదా? వానిని అంగీకరించి దీనిని నిరాకరించుట యెట్లు? ఇది మంచి ప్రశ్న. నా సమాధానమిది. దూరపు నియమము బిడ్డ అవసరమును చూచుచున్నది. నాలుగేండ్ల పిల్ల పొగమంచులో గంటసేపు బస్సులో కూర్చుండరాదు. తోబుట్టువు నియమము కుటుంబపు అవసరమును చూచుచున్నది. ఉదయము ఏడున్నరకు ఒక తల్లి రెండు దిక్కులనున్న రెండు బడులకు ఒకేసారి పోజాలదు. ఈ రెండును నేటి యవసరములు. పూర్వ విద్యార్థి నియమమున నేటి యవసరమేమియు లేదు. ఆ బిడ్డ పొరుగు బడిలో చదివినచో తండ్రి జ్ఞాపకములకు లోటు కలుగును కాని, బిడ్డ చదువునకు లోటు కలుగదు. కావున ఏ ప్రాధాన్యమునైనను పరీక్షించుటకు ఈ గీటురాయి చాలును: ఇది బిడ్డ అవసరమును చూచుచున్నదా, పెద్దల గతమును చూచుచున్నదా?

మన స్త్రీల పక్షమున ఒక మాట. చట్టములో తల్లి పూర్వ విద్యార్థిని యైనను మార్కులు వచ్చును. కాని మన దేశమున వివాహమైన ఆడపిల్ల పెక్కు సందర్భములలో అత్తవారి యూరికి పోవును. ఆమె చదివిన బడి పుట్టినింటిలోనే మిగిలిపోవును. ఆమె అన్నదమ్ములు అదే వీథిలో నుండి, అదే బడి మార్కులను తమ పిల్లలకు అందింతురు. పేరునకు ఇరువురికి సమానమే. ఫలితమున ఇదియు మగవారి వారసత్వముగానే పరిణమించుచున్నది.

ప్రైవేటు సంస్థ స్వేచ్ఛను గూర్చిన వాదమునకు ఒక్క సమాధానము. ఢిల్లీలోని పెక్కు ప్రసిద్ధ పాఠశాలలు నిలిచిన నేల ప్రభుత్వ సంస్థలనుండి రాయితీ ధరలకు లభించినది. ఆ నేలపై చదువు చెప్పు సంస్థలు నేల నిచ్చినపుడు విధించిన నియమములకు బద్ధులని 2004లో సుప్రీము కోర్టు జీతముల విషయమున చెప్పియున్నది. పదిమంది సొమ్ముతో తక్కువ ధరకు వచ్చిన నేలపై ద్వారమును కొన్ని కుటుంబములకే వెడల్పుగా తెరచుట న్యాయమగునా?

ఈ చిక్కును వేరొక దేశమెట్లు ఎదుర్కొన్నదో చూతము. సింగపూరులో ప్రాథమిక పాఠశాలల చేరిక మెట్లు మెట్లుగా జరుగును. మొదట తోబుట్టువులు గలవారు, పిమ్మట పూర్వ విద్యార్థుల పిల్లలు, ఆ తరువాత బడికి స్వచ్ఛంద సేవ చేసినవారు మొదలగువారు, ఆ పిమ్మటనే ఏ సంబంధమును లేనివారు. ప్రసిద్ధ పాఠశాలలలో కడపటి మెట్టు వచ్చునప్పటికి స్థానములు మిగులునో లేదో యను భయముండెడిది. ప్రజలలో అసంతృప్తి ప్రబలగా, 2014 చేరికల నుండి ప్రతి పాఠశాలలోను 40 స్థానములను చివరి మెట్ల కొరకు ముందుగనే వేరుచేసి, అందు 20 ఏ సంబంధమును లేనివారి మెట్టునకు కేటాయించిరి. 2022 చేరికల నుండి ఆ 20ని 40గా పెంచిరి. పూర్వ విద్యార్థుల సంఘములో సభ్యత్వము గలవారికి ఒక మెట్టు, తక్కిన పూర్వ విద్యార్థులకు వేరొక మెట్టు ఉండుటను మాని, రెంటిని ఒక్కటి చేసిరి. అనగా ప్రాధాన్యమును పూర్తిగా తొలగింపలేదు కాని దానికి గట్టు కట్టిరి. ఆంధ్ర, తెలంగాణముల నుండి పోయి అచట స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఈ మార్పు విలువ బాగుగ తెలియును. గుంటూరులోనో వరంగల్లులోనో చదివిన తండ్రికి సింగపూరు బడిలో పూర్వ విద్యార్థి పత్రమెక్కడిది?

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పితిని. ఇక మన సంగతి. మనము కేంద్ర ప్రభుత్వోద్యోగులము. మనకును ఒక ప్రాధాన్యము కలదు. బదిలీలతో చెదరిపోవు ఉద్యోగుల పిల్లల చదువును గూర్చి రెండవ వేతన సంఘము చేసిన సూచన ననుసరించి 1962 నవంబరులో ఒక పథకము ఆమోదింపబడి, 1963లో కేంద్రీయ విద్యాలయములు ప్రారంభమైనవి. నేడు అవి 1,200కు పైగా నున్నవి. వానిలో చేరికకు కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలు మొదటి వర్గము. గడచిన 7 సంవత్సరములలో తండ్రికో తల్లికో ఎన్ని బదిలీలైనవో లెక్కించి వరుస నిర్ణయింతురు. మా అమ్మాయి చేరినది అట్టి బడిలోనే.

మా నివాసముల వెలుపల వేపచెట్టు క్రింద బట్టలు ఇస్త్రీ చేయు నొకడు కలడు. అతని కుమారునికిని అదే బడికి దరఖాస్తు పెట్టెను. విద్యాహక్కు చట్టపు స్థానముల చీటీలలో అతని పేరు రాలేదు. తక్కిన స్థానములలో అతని వర్గము చివరిది. ఒకనాడు నా చొక్కాలను మడత పెట్టుచు, అతడు హిందీలో మెల్లగా నడిగెను: “బాబుగారూ, మీకు ఏ బడిలోనో తండ్రి పేరు అడ్డువచ్చిందని చెప్పారు. నా కొడుక్కి ఈ బడిలో నా పనే అడ్డువచ్చింది. రెండూ ఒకటే కదా?”

ఆ మాటకు నేను సిగ్గుపడితిని. వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. రాత్రి చాలసేపు ఆలోచించితిని. రెండును ఒకటి కావని యిప్పటికిని నా అభిప్రాయము. మన ప్రాధాన్యము మన తండ్రుల గతమునకు బహుమానము కాదు. ప్రభుత్వాజ్ఞచే సంవత్సరము నడుమ బడి మారవలసివచ్చు బిడ్డ కష్టమునకు పరిహారము. బదిలీ లేనిచో వరుసలో వెనుకకు పోవుదుము. ఉద్యోగము ముగిసిన తరువాత ఆ లెక్కయే లేదు. నేను చెప్పిన గీటురాయిపై అది కొంతవరకు నిలుచును. కాని “కొంతవరకు” అని ఏల అంటినో గ్రహింపుడు. బదిలీయే లేని ఉద్యోగి బిడ్డ, ఆ ఇస్త్రీ పనివాని బిడ్డకంటె ముందు నిలుచుటకు అవసరము కారణమా, మన హోదా కారణమా? ఆ భాగము గీటురాయిపై రంగు మారును. ఏటా పదేసి పేర్లను సిఫారసు చేయుటకు పార్లమెంటు సభ్యులకుండిన అవకాశమును 2022లో తొలగించిరి. అప్పుడు మనలో పలువురము హర్షించితిమి. ఇతరుల ప్రాధాన్యము పోయినపుడు హర్షించుట సులభము. మన ప్రాధాన్యమును అదే తూనికలో వేసికొనుట కష్టము. పూర్వ విద్యార్థుల మార్కులను ప్రశ్నించు నైతికాధికారము కావలెనన్నచో, మనము ఆ తూనికను తప్పించుకొనరాదు.

మన పూర్వ గాథలలో ఒక చేరిక కథ యున్నది. ఛాందోగ్యోపనిషత్తులో జబాల కుమారుడైన సత్యకాముడు గురువు హారిద్రుమత గౌతముని చెంతకు పోయెను. గురువు గోత్రమడిగెను. తన గోత్రము తెలియదనియు, తల్లికిని తెలియదనియు, తన పేరు సత్యకాముడనియు, తల్లి పేరు జబాల యనియు ఉన్నదున్నట్లు చెప్పెను. గురువు అతనిని శిష్యునిగ స్వీకరించెను. తండ్రి గడి ఖాళీగా నున్న దరఖాస్తును చూచి త్రిప్పి పంపక, ఎదుట నిలిచిన బాలుని చూచిన గురువును మనము నేటికిని స్మరించుచున్నాము.

మరియొక సంగతి. ఈ నగరములోని ఆంధ్ర విద్యా సంఘము 1948లో దుర్గాబాయమ్మగారు మున్నగువారి పూనికతో ఏర్పడినది. తెలుగు బిడ్డలకు ఇచట ఒక బడి కావలెనని వారు తలచిరి. ఆ బడి మెట్లెక్కిన మొదటి సంవత్సరపు పిల్లలలో ఒక్కని తండ్రియైనను ఆ బడిలో చదివియుండలేదు, చదివియుండుట సాధ్యమును కాదు. ఏ పాఠశాలకైనను ఇంతే. ప్రతి గొప్ప పాఠశాలయు ఏ సంబంధమును లేని పిల్లలతోనే మొదలైనది, వారివలననే గొప్పదైనది. తనను నిర్మించిన అట్టి పిల్లలకే నేడు వెనుక వరుస చూపుట ఆ పాఠశాల తన పుట్టుకను తాను మరచుటయే యగును.

ఇక నా సూచనలు. పూర్వ విద్యార్థుల మార్కులు పూర్తిగా తొలగుట మేలని నా మతము. అది సాధ్యము కానిచో, మొదటగా ఆ మార్కులతో నిండు స్థానములకు ఒక పరిమితి యుండవలెను. రెండవదిగా, ఏ సంబంధమును లేని పిల్లలకు చీటీల ద్వారా లభించు స్థానములను ముందుగనే వేరుచేసి ఉంచవలెను. మూడవదిగా, ఏ ప్రమాణమున ఎన్ని స్థానములు నిండినవో ప్రతి పాఠశాలయు ఏటా నోటీసు పలకపై ప్రకటింపవలెను. తమ బడిపై ప్రేమ గల పూర్వ విద్యార్థులు ఆ ప్రేమను చూపుటకు వేరు మార్గములు కొల్లలుగా నున్నవి: గ్రంథాలయము, ఆటస్థలము, పేద పిల్లలకు ఉపకార వేతనములు. చందాకు ప్రతిఫలముగా స్థానము కోరినచో అది చందా కాదు, వెల.

ఈ సభలో పూర్వ విద్యార్థులైన మిత్రులకు ఒక విన్నపము. మీ పిల్లలకు ఆ మార్కులు వచ్చినచో వానిని వదలుకొండని చెప్పు సాహసము నాకు లేదు. నియమమున్నంత కాలము ఏ తండ్రియు తన బిడ్డను నష్టపరచుకొనడు. కాని ఆ నియమము మార్చుటకు ఎవరైన పూనుకొన్ననాడు మీరు అడ్డము నిలువవలదు. వీలైనచో మీరే మొదట చేయెత్తుడు. లాభము పొందినవాని నోట వచ్చిన న్యాయవాక్యమునకు బలము మెండు. మనము కేంద్రీయ విద్యాలయముల విషయమున ఆ మాట అనవలసిననాడు, నేనును మీతో చేయెత్తుదునని ఇదే సభలో మాట ఇచ్చుచున్నాను.

మా అమ్మాయి ఆ దినమున “నేను కాదా?” అని అడిగినది. ఆ ఇస్త్రీ పనివాని కుమారుడును ఏదో ఒకనాడు తండ్రిని అట్లే అడుగును. “నీవే, నాయనా. ఈ బడి అడిగినది నిన్ను గూర్చియే” అని ప్రతి బిడ్డకును చెప్పగల రోజు రావలెనని కోరుచున్నాను.